ఎడమకాలికి సెలవు ఇద్దామా?

మధ్యతరగతి ఇంట్లో కారు కొనాలనుకోగానే ముందుగా మొదలయ్యే వాదం రంగు గురించి కాదు, ధర గురించి కూడా కాదు. "గేర్ల కారా, ఆటోమాటిక్ కారా?" అని. ఇంటాయన ముప్ఫయి యేళ్ళుగా ఆఫీసు జీపో, అన్నగారి కారో నడిపిన అనుభవంతో, "గేర్లు మార్చకుండా నడిపేది కూడా ఒక కారేనా? పైగా పెట్రోలు తాగేస్తుంది" అంటారు. బెంగుళూరులో వుద్యోగం చేస్తున్న అబ్బాయి ఫోనులో, "ఈ రోజుల్లో గేర్లెవరు మారుస్తారు నాన్నా!" అంటాడు. పక్కింటాయన వచ్చి, తనకు తెలిసిన మెకానిక్ చెప్పిన మాట ఒకటి వినిపించి, ఉన్న సందేహాన్ని రెట్టింపు చేసి వెడతాడు. కాఫీలు తెచ్చి యిచ్చిన ఇల్లాలిని మాత్రం ఎవరూ అడగరు. తనను అడగలేదే అని ఆమె కూడా అనుకోదు.

ఈ ప్రశ్న వేస్తూ వచ్చిన ఉత్తరాలు కొన్నాళ్ళుగా నా దగ్గర పేరుకున్నాయి. ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు వ్రాసేకన్నా అందరికీ కలిపి ఈ వారం చెబుదామనుకున్నాను. పెద్ద కార్ల జోలికి పోను. ఆల్టో, సెలేరియో, వ్యాగనార్, టియాగో వంటి చిన్న కార్లు, మనబోటి కుటుంబాలు అప్పో సప్పో చేసి కొనుక్కునేవి, వాటి సంగతే మాట్లాడుకుందాం.

ముందు, అసలు గేర్లెందుకో తెలుసుకుంటే సగం వాదం తీరుతుంది. కారు ఇంజను మరీ నెమ్మదిగా తిరిగితే ఆగిపోతుంది. మరీ వేగంగా తిరిగితే పాడవుతుంది. ఆ రెంటి మధ్య వున్న కొద్దిపాటి వేగంలోనే అది సుఖంగా పనిచేస్తుంది. చక్రాల సంగతి అలా కాదు. నిలబడ్డ కారును కదిలించడానికి చాలా బలం కావాలి, వేగం అక్కర్లేదు. హైవే మీదికి వెళ్ళాక వేగం కావాలి, బలం అంతగా అక్కర్లేదు. ఇంజను యిచ్చేదాన్ని ఒకసారి బలంగానూ, ఒకసారి వేగంగానూ మార్చి చక్రాలకు అందించే పళ్ళచక్రాల పెట్టే గేర్ బాక్సు. ఒక గేరులోంచి మరొక గేరులోకి మారేటప్పుడు ఇంజనుకూ గేర్ బాక్సుకూ వున్న పట్టును ఒక్క క్షణం వదిలించి మళ్ళీ కలపాలి. ఆ పని చేసేది క్లచ్. దాన్ని తొక్కే చాకిరీ మన ఎడమకాలిది.

ఈ చాకిరీ ఒకప్పుడు ఇంకా ఘోరంగా వుండేది. పళ్ళచక్రాల వేగాలు సరిగా కలవకపోతే గేరు పడేటప్పుడు గరగరమనేది. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లకు సింక్రోమెష్ అనే అమరిక వచ్చాక ఆ బాధ తగ్గింది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కార్లకు జనరల్ మోటార్స్ వారు హైడ్రామాటిక్ అనే పూర్తి ఆటోమాటిక్ గేర్ బాక్సు అమర్చారు. అటు తరువాత అమెరికావాళ్ళు క్రమంగా క్లచ్‌ను మరిచిపోయారు. పిల్లల్ని చూడడానికి డాలస్‌కో, న్యూజెర్సీకో వెళ్ళివచ్చిన మన తల్లిదండ్రులు అక్కడ గేరు కర్రను చూసి వుండరు.

కాని అమెరికా కార్లు పెద్దవి. అక్కడ పెట్రోలు చవక. చిన్న కారులో, పొదుపు చెడకుండా ఈ సుఖం ఇవ్వవచ్చునా అని ఆలోచించి చేసి చూపించింది హాలండు దేశపు డాఫ్ కంపెనీ. హూబ్ వాన్ డోర్న్ అనే ఆయన కల్పనతో 1958లో వారు డాఫ్ 600 అనే బుల్లి కారును ప్రదర్శించారు. 590 సి.సి. ఇంజను, రెండే సిలిండర్లు. అందులో పళ్ళ గేర్లకు బదులు వెడల్పు మారే కప్పీలూ, వాటిమధ్య రబ్బరు పట్టాలూ వున్నాయి. కప్పీ దగ్గరగా జరిగితే పట్టా పైకి వస్తుంది, దూరంగా జరిగితే కిందికి దిగుతుంది. దాంతో గేరు దానంతటదే, మెట్లు లేకుండా, జారుడుబల్లలాగా మారిపోతుంది. దానికి వేరియోమాటిక్ అని పేరు పెట్టారు. తమాషా యేమిటంటే, ఆ కారు ముందుకు ఎంత వేగంగా పోగలదో వెనక్కీ అంత వేగంగా పోగలదు. తరువాతి కాలంలో డచ్చి టెలివిజన్‌వారు పాత డాఫ్ కార్లతో వెనక్కి నడిపే పందేలు కూడా పెట్టి జనాన్ని నవ్వించారు.

నవ్వు ఒక్క పందేలతోనే ఆగలేదు. "అది ముసలమ్మల కారు, చేతకానివాళ్ళ కారు" అని ఆ దేశంలో ఎగతాళి చేశారు. మనవాళ్ళు ఆటోమాటిక్ కారును చూసి అనే మాట కొత్తదేమీ కాదన్నమాట! కాని ఆ ఎగతాళిలోనే ఒక నిజం వుంది. అంతవరకు స్టీరింగు దగ్గర కూర్చోని మనుషులు కొందరు ఆ కారుతో కూర్చున్నారు.

మన ఇళ్ళల్లోనూ ఇదే కథ ఒకసారి జరిగింది, మనం గమనించలేదు. గేర్ల స్కూటరు కాలం గుర్తు తెచ్చుకోండి. ఎడమచేత్తో క్లచ్ నొక్కి, పిడి తిప్పి గేరు వేయాలి. అది నాన్నగారి వాహనం. ఆయన ముందు, అమ్మ వెనక పక్కకు తిరిగి, మధ్యలో పిల్లవాడు, ముందు నిలబడి ఇంకొకడు. 1984లో కైనెటిక్ హోండా అనే గేర్లు మార్చనక్కరలేని స్కూటరు మన దేశంలోకి వచ్చింది. తరువాత యాక్టివా వచ్చింది. వాటిలో వున్నదీ డాఫ్ కారులో వున్నటువంటి కప్పీలూ పట్టానే. ఈవేళ గుంటూరులో గాని, వరంగల్లులో గాని ఉదయం తొమ్మిది గంటలకు వీధిలో నిలబడి చూడండి. స్కూలు టీచర్లూ, బ్యాంకు ఉద్యోగినులూ, పిల్లల్ని బడికి దింపే తల్లులూ ఎంతమంది స్కూటర్ల మీద వెడుతున్నారో! రోడ్లు మారాయి, చదువులు పెరిగాయి, వుద్యోగాలు పెరిగాయి, నిజమే. కాని వాహనం కష్టం తగ్గకపోతే ఇంతమంది ఇంత త్వరగా అలవాటు పడేవారా అని నాకు అనుమానం.

కార్ల విషయంలో ఆ మార్పు మనకు చాలా ఆలస్యంగా వచ్చింది. అంబాసిడర్, ఫియట్ల కాలంలో స్టీరింగు పక్కనే గేరు కర్ర వుండేది. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చింది. అది చిన్నదీ తేలికైనదీ గనక చాలామంది స్త్రీలు నేర్చుకున్నారు, కాని క్లచ్ క్లచ్చే. ఆ తరువాత మారుతీ జెన్‌లో మూడు గేర్ల ఆటోమాటిక్ రకం ఒకటి వచ్చింది. అటువంటివి సామాన్యులకు పట్టలేదు. ధర ఎక్కువ, పెట్రోలు ఖర్చు ఎక్కువ. "ఆటోమాటిక్ అంటే మైలేజీ రాదు" అనే మాట మన పెద్దల నోట నిలిచిపోయింది ఆ రోజుల నుంచే. ఆనాటికి అది తప్పు మాట కాదు.

2014 ఫిబ్రవరిలో మారుతీ సెలేరియోతో లెక్క మారింది. అందులో ఇటలీకి చెందిన మానియెటి మరెల్లి కంపెనీ వారి అమరిక పెట్టారు. దాని కిటుకు చాలా సులువు. గేర్ బాక్సు మామూలు గేర్ల కారుదే. క్లచ్ కూడా వుంది. కాని క్లచ్ తొక్కడానికి మన కాలికి బదులూ, గేరు వేయడానికి మన చేతికి బదులూ ఒక చిన్న యంత్రం. ఎప్పుడు వేయాలో చెప్పడానికి ఒక చిన్న కంప్యూటరు. వంట అదే, పొయ్యి అదే, వండే మనిషి మాత్రం వేరు. దీనినే ఏ.ఎమ్.టి. అంటారు. మారుతీవారు ఏ.జి.ఎస్. అని పిలుస్తారు. ఆ సంవత్సరమే, మే నెలలో, అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఒకటి వెళ్ళి ఇంకొకటి వచ్చినట్టయింది.

ఇక మైలేజీ సంగతి. 2014 సెలేరియోకు గేర్ల రకానికీ, ఏ.ఎమ్.టి. రకానికీ ప్రకటించిన అంకె ఒక్కటే: లీటరుకు 23.1 కిలోమీటర్లు. 2021లో వచ్చిన కొత్త సెలేరియో వి.ఎక్స్.ఐ. రకంలో గేర్లదానికి 25.24, ఆటోమాటిక్‌కు 26.68. 2022 ఆల్టో కె10లో గేర్లదానికి 24.39, ఆటోమాటిక్‌కు 24.90. అంటే కాగితం మీద ఆటోమాటిక్కే ఒక పిసరు ఎక్కువ. ఎందుకంటే కంప్యూటరు బద్ధకించకుండా, సమయానికి పై గేరులోకి మారుస్తుంది. మనమో, మూడో గేరులోనే కబుర్లు చెప్పుకుంటూ పోతాం.

అయితే ఈ అంకెలు పరీక్షశాలలోవి. మన వీధుల్లో అంత రాదు. అందుకని మీరే ఒక లెక్క వేసుకోండి. ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. గేర్ల కారు లీటరుకు 20 ఇస్తుందనుకుందాం. 400 లీటర్లు, లీటరు 110 రూపాయల చొప్పున 44,000 రూపాయలు. ఆటోమాటిక్ ఒక కిలోమీటరు తక్కువగా 19 యిచ్చిందే అనుకోండి. 421 లీటర్లు, 46,310 రూపాయలు. తేడా ఏడాదికి 2,310. నెలకు రెండువందలు కూడా కాదు. పోనీ ఒక కిలోమీటరు ఎక్కువగా 21 యిచ్చిందనుకోండి. అప్పుడు మిగిలేది ఏడాదికి సుమారు 2,100. చిన్న కార్లలో ఆటోమాటిక్‌కు అదనంగా పెట్టవలసింది సుమారు అరలక్ష. ఆ సొమ్ము పెట్రోలు పొదుపులో తిరిగి రావాలంటే ఇరవైనాలుగేళ్ళు పడుతుంది! కనుక మైలేజీ పేరు చెప్పి ఆటోమాటిక్ కొనడమూ, మైలేజీ పేరు చెప్పి మానడమూ, రెండూ లెక్క తప్పడమే.

అసలు ప్రశ్న ఆ అరలక్షదే. అప్పు చేసి కొంటే, నూటికి 9 వడ్డీ చొప్పున అయిదేళ్ళకు నెలకు వెయ్యిన్నీ నలభై రూపాయల దాకా అదనపు వాయిదా. కొందరికి అది లెక్కలోకి రాదు. కొందరికి అది పిల్లవాడి ట్యూషను ఫీజు. అంతంతమాత్రంగా సరిపెట్టుకునేవారు ఆ డబ్బును గాలిసంచుల వంటి రక్షణ సాధనాలు ఎక్కువ వున్న గేర్ల రకానికి పెట్టినా నేను తప్పనను. కాని పెట్టగలిగినవారు దానిని "సోకు" అని కొట్టిపారేయవద్దు. ఎందుకో చెబుతాను.

రాజమండ్రి నుంచి ఒక సోదరి వ్రాశారు. ఆమెకు యాభైరెండేళ్ళు. పదేళ్ళ కిందట స్కూల్లో చేరి కారు నేర్చుకుని లైసెన్సు తీసుకున్నారు. ఆ లైసెన్సు బీరువాలో పట్టుచీరల కింద వుంది. ఒకసారి వంతెన ఎక్కేచోట, వెనక లారీ హారను కొడుతుండగా, క్లచ్ వదలడంలో తడబడి కారు మూడుసార్లు ఆగిపోయింది. పక్కన కూర్చున్న భర్తగారు కేకలు వేశారు. అంతే, మళ్ళీ ముట్టుకోలేదు. ఇప్పుడు ఆయనకు మోకాళ్ళ నొప్పులు. ముఖ్యంగా ఎడమ మోకాలు. డాక్టరు దగ్గరికి పోవాలంటే డ్రైవరును పిలవాలి. రాత్రివేళ అతను దొరకడు. కొత్త కారు కొందామనుకుంటున్నారు. ఆయన మళ్ళీ గేర్లదే అంటున్నారు. "నేనేం చెప్పను?" అని ఆమె ప్రశ్న.

చెప్పండమ్మా, గట్టిగా చెప్పండి. ఒకే కారు, ఇద్దరు మనుషులు. ఒకరికి ఎడమ మోకాలు, మరొకరికి ఎడమకాలు తడబడుతుందనే భయం. ఇద్దరి అవరోధమూ ఒక్క పెడలే. దాన్ని తీసేస్తే ఆయనా నడపగలరు, మీరూ నడపగలరు. నడపగల మనిషి ఒకరుండే ఇల్లు వేరు, ఇద్దరుండే ఇల్లు వేరు. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవలసి వచ్చినప్పుడు ఆ తేడా అరలక్షకన్నా ఎక్కువే.

కనుక నేను చెప్పే సూత్రం ఇది. ఇంట్లో కారు బాగా నడపడం వచ్చినవారిని బట్టి గేర్ బాక్సు ఎంచకండి. నడపడం ఎవరికి కష్టమో వారిని బట్టి ఎంచండి. బాగా వచ్చినవారు ఏదైనా నడుపుతారు. వారికి పోయేది కాస్త సరదా. రెండవవారికి పోయేది కారే.

అయితే ఆటోమాటిక్కులన్నీ ఒకటి కావు. ఏ.ఎమ్.టి. అన్నిటిలోకీ చవక, సాధారణంగా చిన్న కార్లలో దొరికేది అదే. దానికి ఒక లోపం: గేరు మారేటప్పుడు ఒక క్షణం ఆగినట్టయి, కారులోవాళ్ళు తల వూపుతారు. గేరు మారబోతున్నదని తోచినప్పుడు యాక్సిలరేటర్ మీది కాలిని కాస్త తేలిక చేస్తే ఆ వూపు చాలావరకు పోతుంది. వారం రోజుల్లో అలవాటవుతుంది. రెండవది టార్క్ కన్వర్టర్ రకం. అందులో ఇంజను బలం నూనె ద్వారా అందుతుంది గనక మెత్తగా వుంటుంది, ధర హెచ్చు. మూడవది సి.వి.టి., డాఫ్ కారు కప్పీల వంశమే, రబ్బరుకు బదులు ఇప్పుడు ఉక్కు పట్టా. ఇది అన్నిటికంటె మెత్తన. కాని గట్టిగా తొక్కితే ఇంజను అరుపు ముందు, వేగం తరువాత. నాలుగవది రెండు క్లచ్‌లది. అది పెద్ద ధరల కార్ల సంగతి, మనకు వద్దు. కరెంటు కార్లలో అయితే మార్చవలసిన గేర్లే లేవు. ఆ వాదమే అక్కడ పుట్టదు.

గేర్ల కారే మంచిదనదగ్గ ఇళ్ళూ వున్నాయి. నడిపేది ఒక్కరే, ఆయనకు చేతా కాలా సత్తువ వుంది, తిరిగేది ఎక్కువగా పల్లెటూళ్ళ మధ్య ఖాళీ రోడ్ల మీద అయితే గేర్లదే చాలు. రిపేరు వస్తే వూళ్ళో షెడ్డులో ఎవరైనా చూడగలరు. బ్యాటరీ దిగిపోతే నలుగురు నెట్టి స్టార్టు చేయించవచ్చు. ఆటోమాటిక్‌ను అలా నెట్టి లాభం లేదు, వేరే బ్యాటరీ తగిలించవలసిందే. కొత్తగా వుద్యోగంలో చేరిన కుర్రవాడు ముందు గేర్ల కారు మీద నేర్చుకుంటే ఏ కారైనా నడపగలడు. మన దేశంలో లైట్ మోటార్ వెహికిల్ లైసెన్సుతో రెండూ నడపవచ్చు గాని, బ్రిటన్‌లో ఆటోమాటిక్ కారుతో పరీక్ష నెగ్గినవారికి గేర్ల కారు నడిపే హక్కు రాదు. చదువుకో, వుద్యోగానికో అక్కడికి వెళ్ళే పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నగరంలో వుండేవారి మాట వేరు. హైదరాబాదులో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి సాయంత్రంపూట పోయేటప్పుడు కారు అరవైసార్లు ఆగి కదిలిందనుకోండి. కదిలిన ప్రతిసారీ క్లచ్ రెండుమూడుసార్లు తొక్కాలి. నూటయాభైసార్లు గుంజీళ్ళు తీసినట్టే, ఒక్క కాలితో. అదీగాక అలాంటి రద్దీలో చాలామంది హాఫ్ క్లచ్‌లో కారును పాకిస్తుంటారు. క్లచ్ పలకలు త్వరగా అరిగేది అందువల్లనే.

ఆటోమాటిక్ కొన్నవారికి నాలుగు జాగ్రత్తలు చెప్పాలి. ఇవి తెలియకపోతే సుఖం కోసం తెచ్చుకున్నదే ముప్పు అవుతుంది.

మొదటిది, ఎడమకాలిని పూర్తిగా పక్కన పెట్టేయండి. బ్రేకూ, యాక్సిలరేటరూ రెండూ కుడికాలితోనే. అలవాటుగా ఎడమకాలు క్లచ్ అనుకుని బ్రేకును అదాటున తొక్కితే కారు నడిరోడ్డు మీద టక్కున ఆగుతుంది. వెనకవాడు వచ్చి గుద్దుతాడు. ఇంకా పెద్ద ప్రమాదం, కంగారులో బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడం. గేర్ల కారులో క్లచ్ వదలకపోతే కారు ఉరకదు. ఇందులో ఆ అడ్డు లేదు. అందుకని బ్రేకు మీద కాలు పెట్టిన తరువాతనే స్టార్టు చేయడం, బ్రేకు మీద కాలుండగానే కర్రను డి లోకో, ఆర్ లోకో జరపడం — ఈ రెండూ మంత్రంలా పట్టుకోండి. ఖాళీ మైదానంలో నాలుగు ఆదివారాలు సాధన చేయండి.

రెండవది, ఎత్తుమీద ఆగినప్పుడు యాక్సిలరేటర్‌ను కొద్దికొద్దిగా తొక్కుతూ కారును నిలబెట్టవద్దు. ఏ.ఎమ్.టి.లో కనబడని క్లచ్ ఒకటి వుందన్నాను గదా, అది కాలిపోతుంది. బ్రేకు తొక్కి వుంచండి. కదిలేటప్పుడు హ్యాండ్ బ్రేకు సాయం తీసుకోండి. వెనక్కి జారకుండా పట్టివుంచే అమరిక కొన్ని కార్లలో వుంటుంది. కొనేటప్పుడు అడిగి తెలుసుకోండి.

మూడవది, ఘాటు రోడ్డు. తిరుమల కొండకు కారులో పోవడం మనవాళ్ళు ఎలాగూ మానరు. 1944లో వేసిన మొదటి ఘాటు రోడ్డు మీదుగా ఇప్పుడు దిగుతాం, 1974లో వచ్చిన రెండవదాని మీదుగా ఎక్కుతాం. ఎక్కడం గురించి అందరూ భయపడతారు; జాగ్రత్త కావలసింది దిగడానికి. మలుపు మలుపుకూ బ్రేకు నొక్కుతూ దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. గేర్ల కారులో రెండవ గేరులో వుంచి దిగితే ఇంజనే కారును పట్టి ఆపుతుంది. ఏ.ఎమ్.టి.లో కూడా ఆ వీలుంది. కర్రను డి నుంచి ఎం వైపు జరిపి, మీరే తక్కువ గేరు వేసుకోవచ్చు. చాలామంది కొన్న తరువాత ఆ ఎం ఎందుకుందో కూడా చూడరు. అరకు దారిలోనూ ఇదే పద్ధతి.

నాలుగవది, నిలిపి దిగేటప్పుడు. ఏ.ఎమ్.టి. చిన్న కార్లలో సాధారణంగా ఆర్, ఎన్, డి, ఎం వుంటాయి గాని, పెద్ద ఆటోమాటిక్ కార్లలోలా పార్కింగుకు పి అనేది వుండదు. కంపెనీవారిచ్చే పుస్తకం చదివి, అది చెప్పినట్టు గేరులో వుంచి, హ్యాండ్ బ్రేకు లాగి దిగండి. బండి మధ్యదారిలో ఆగిపోతే తాడు కట్టి ఈడ్పించకండి. సర్వీసువారిని అడిగి, చక్రాలు ఎత్తి తీసుకుపోయే వాహనం పిలిపించండి.

చివరగా కొనే పద్ధతి. షోరూముకు ఇంటాయన ఒక్కరే పోకూడదు. నడపడానికి జంకే మనిషిని తప్పకుండా తీసుకుపోవాలి, ముందు సీటులో ఆవిడనే, లేదా ఆయననే, కూర్చోబెట్టాలి. ఒకే కారులో గేర్ల రకమూ, ఆటోమాటిక్ రకమూ రెండూ తెప్పించమనండి. షోరూము ముందు విశాలమైన రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెస్తే ఏమీ తెలియదు. నలుగురు కూర్చుని, ఏ.సి. వేసి, ఫ్లైఓవరు ఎక్కించండి. ఎత్తుమీద ఒకసారి ఆపి మళ్ళీ కదిలించండి. అపార్ట్‌మెంటు సెల్లారు వుంటే దాని ఏటవాలు మీద ముందుకూ వెనక్కూ నడపండి. రద్దీ సందులో పాకినట్టు పోనివ్వండి. ఆ తరువాత ఇంటికి వచ్చి, ఏది బాగుందని కాక, "రేపు ఒక్కదానివే నడుపుకుంటూ మార్కెట్టుకు వెళ్ళగలవా?" అని అడగండి. "వెళ్ళగలను" అని ఏ కారు అనిపించిందో అది కొనండి.

ఒక మాట మగవారికి. కారు కొన్న తరువాత పక్క సీటులో కూర్చుని కేకలు వేసేటట్టయితే, ఏ గేర్ బాక్సూ మిమ్మల్ని రక్షించలేదు. అరలక్ష పోసి తీసేసిన భయాన్ని ఒక్క అరుపుతో తిరిగి తెచ్చినవారవుతారు. తాళంచెవిని కూడా చొక్కా జేబులో కాక, అందరి చేతికీ అందేచోట వేలాడదీయండి.

కారు బీమాలో ఏది అవసరం, ఏది అనవసరం అని విశాఖపట్నం, ఖమ్మం సోదరీమణులు అడిగారు. వారికి వచ్చే వారం జవాబు.